వంశవృక్షమున వ్రాయని కొమ్మ

సంస్కృతమున 'వంశము' అను శబ్దమునకు రెండు అర్థములు ప్రసిద్ధములు. ఒకటి కులపరంపర, రెండవది వెదురు. వెదురు కణుపు మీద కణుపుగా నిటారుగా మీదికి పెరుగును. తండ్రి, తాత, ముత్తాత అను వరుసను వెదురుతో పోల్చిన పూర్వుల చూపు నిశితమైనది. ఉపనయనమైన వటువు ప్రవర చెప్పినను, పెండ్లిపీటలపై పురోహితుడు వధూవరుల ముత్తాత మొదలు తండ్రి వరకు పేర్లు చదివినను, గ్రామకరణము ఖాతాలో రైతు పేరునకు ఎదురుగా తండ్రి పేరు వ్రాసినను, కనబడునది ఈ వెదురే.

అయితే మనుష్యుని పుట్టుక వెదురు వంటిది కాదు. అది ఊడలు దిగిన మర్రి వంటిది. ప్రతివానికిని తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అవ్వలు కలిసి నలుగురు, వారి తల్లిదండ్రులు ఎనమండుగురు. ఇట్లు ఇబ్బడించుచు పోయినచో పదవ తరమునకు 1,024 స్థానములు, ఇరువదవ తరమునకు 10,48,576 స్థానములు ఏర్పడును. ముప్పదవ తరమునకు ఆ సంఖ్య నూరుకోట్లు దాటును. తరమునకు ఇరువదియైదేండ్ల చొప్పున లెక్కించిన అది ఏడున్నర శతాబ్దముల వెనుకటి మాట. ఆనాడు భూమండలమున ఉన్న జనులందరును కలిసి నూరుకోట్లు లేరు. కావున ఒకే పూర్వుడు ఆ స్థానములలో పలుమారులు కనబడుచున్నాడని మనము గ్రహింపవలెను. ఒకరితో ఒకరికి చుట్టరికము లేదనుకొను రెండు కుటుంబములు సయితము ఎక్కడో వెనుక కలిసియుండుటకు అవకాశము మెండు. ఇన్ని వేల ఊడలలో 'మా వంశము' అని మనము చెప్పుకొనునది ఒకే ఒక ఊడ.

తక్కిన ఊడలు ఏమైనవి? వాటిని వెదకుట సాధ్యమా? నేడు వంశచరిత్రయందు ఆసక్తి లోకమంతటను పెరిగినది. పాత దస్త్రములు తిరుగవేయువారు కొందరు, ఉమ్మి నమూనా పంపి డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకొనువారు కొందరు. ఈ రెండు మార్గములును మంచివే. కాని ఏ మార్గమున పోయినను మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఈ వ్రాత ఎవరిది? ఎవరి అవసరమునకై వ్రాయబడినది?

వ్రాసినవాని అవసరము

మన దేశమున వంశముల జాడ తెలుపు సాధనములకు కొదువ లేదు. కాశి, గయ, హరిద్వారము మొదలగు క్షేత్రములలో పండాలు తరతరములుగా వహీలు వ్రాసి ఉంచిరి. యాత్రికుని పేరు, ఊరు, కులము, తండ్రి తాతల పేర్లు, వెంట వచ్చిన కుమారుల పేర్లు అందు ఉండును. హరిద్వారములోని ఇట్టి వహీలను అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘము వారు ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున సూక్ష్మచిత్రములుగా తీసి భద్రపరచిరి. పండాకు కావలసినది యజమాని. ఈ తండ్రి తన యజమాని యైనచో రేపు ఇతని కుమారుడును తన యజమానియే. కనుక వహీలో మగవారి వరుస చక్కగా సాగును.

తెలుగునాట కాలిన్ మెకంజీ (1754-1821) కావలి సోదరుల సాయముతో సేకరించిన కైఫీయతులు కలవు. అందు ఊరు ఎట్లు పుట్టెను, మాన్యములు ఎవరు ఇచ్చిరి, కరణీకము ఏ కుటుంబముల వారిది అను వివరములు తరచు కనబడును. 1858లో మద్రాసు ప్రభుత్వము ఏర్పరచిన ఇనాము కమిషను వారి రిజిస్టరులు మరి యొక గని. మాన్యమును మొదట పొందినవాడెవడు, నాటికి అనుభవించుచున్నవాడెవడు, నడుమ ఎవరెవరి చేతులు మారినది అనునది వారు విచారించి వ్రాసిరి. భూమిశిస్తు నిర్ణయింపవలసిన ప్రభుత్వమునకు హక్కుదారు కావలెను. కనుక భూమి ఉన్నవాని తాత పేరు దొరకును. అతని పొలములో నాగలి పట్టిన పాలేరు తాత పేరు దొరకదు.

నోటిమాటగా వంశములు నిలిపినవారును కలరు. రెడ్లకు, కాపులకు గోత్రములు చెప్పుచు ఊరూర తిరిగిన వంశరాజులును, ప్రభువుల వంశకీర్తనము చేసిన భట్రాజులును అట్టివారు. వారికి దానమిచ్చిన ఇంటి కథ వారి నోట వినబడును. ఇందు తప్పు పట్టవలసినది లేదు. అడిగినవానికి, ఇచ్చినవానికి మాత్రమే వంశము మిగులునను సత్యమును గమనించిన చాలును.

ఓడ పట్టీలు

ఈ సత్యము మరింత స్పష్టముగా కనబడు దస్త్రములు సముద్రము ఆవల ఉన్నవి. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మద్రాసు నుండి వచ్చి దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. అందు వచ్చిన కూలీలు 342 మంది. నాటి నుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నాటాలు చేరినవారు 1,52,184 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి పోయినవారే. తమిళులతో పాటు విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలగు జిల్లాల తెలుగువారు అందు ఉండిరి. మారిషసు దీవికి అంతకు ముందే, 1834 నుండి కూలీల ప్రయాణము సాగినది. అచ్చటి తెలుగువారికి కోరంగి రేవు పేరు మీదుగా 'కోరంగీలు' అను పేరే వచ్చినది.

ప్రతి కూలీకిని ఓడ పట్టీలో ఒక వరుస కలదు. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడయో మగయో, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒడలిపై గుర్తు. ఇది ప్రేమతో వ్రాసిన జాతకము కాదు. అయిదేండ్ల ఒప్పందము మీద తెచ్చిన పనివాడు తప్పిపోయినచో పట్టుకొనుటకు వలయు ఆనవాలు. అయినను, మన దేశమున అదే కాలమున అదే ఊరిలో మిగిలిపోయిన అతని అన్నదమ్ములను గూర్చి ఇన్ని వివరములు వేరెచ్చటను లేవు. ఊరు విడిచినవాని పేరు నిలిచినది; ఊరిలో ఉన్నవాని పేరు మాసిపోయినది.

ఈ పట్టీలో లేనిది ఒకటి కలదు. అది ఇంటిపేరు. తెలుగువానికి ఇంటిపేరే వంశమునకు తాళపుచెవి. దొరకు దానితో పని లేదు కనుక దానికి గడి గీయలేదు. గడి లేదు కనుక ఎవరును అడుగలేదు. కొంతకాలమునకు తాత పేరే మనుమలకు ఇంటిపేరైనది. దక్షిణాఫ్రికాలో నేడు 'అప్పలసామి' అనునది ఇంటిపేరుగా చెల్లుచున్నది. ఆ పేరు వినగానే తెలుగు పాఠకుడు సింహాచలము కొండ వైపు చూచును. సింహాద్రి అప్పన్న పేరు పిల్లలకు పెట్టుకొను ఆచారము విశాఖ, విజయనగర, శ్రీకాకుళ ప్రాంతములలో ఎంత దట్టమైనదో మనకు తెలియును. ఆ కుటుంబము తెలుగు మరచి ఉండవచ్చును, ఊరి పేరు మరచి ఉండవచ్చును. పేరులో దాగిన దేవుడు దారి చూపుచున్నాడు. ఇది రుజువు కాదు, ఆనవాలు మాత్రమే. ఆనవాలు పట్టుకొని ఓడ పట్టీ వద్దకు, పట్టీ పట్టుకొని తాలూకా వద్దకు పోవలెను.

ఇక్కడ భాష తెలిసినవాని సాయము అవసరమగును. మన పేర్లను విని వ్రాసిన గుమాస్తాలకు ట-త, డ-ద భేదము వ్రాయుటకు వేర్వేరు అక్షరములు లేవు. ళకార ణకారములు అసలే లేవు. ఆ వ్రాతను తిరిగి తెలుగు చేయునప్పుడు ఒక్క ఊరి పేరు నాలుగు విధముల చదువవచ్చును. కొత్తపేటలు, కొత్తపల్లెలు తెలుగునాట ఎన్ని లేవు? కావున తాలూకా గడిని విడిచి ఊరి గడిని మాత్రమే నమ్మరాదు. మారిషసులో మోకా పట్టణమందలి మహాత్మాగాంధీ సంస్థలోను, దర్బనులోని గాంధీ-లుతులి పత్రభాండారమునందును ఇట్టి దస్త్రములు వెదకువారికి అందుబాటులో ఉన్నవి. ముత్తాత సంఖ్యను కాగితముపై వ్రాసికొని, విమానము దిగి, మన జిల్లాలలో ఊరు వెదకుచు వచ్చువారు నేటికిని కలరు. వారు వచ్చి అడిగినప్పుడు సమాధానము చెప్పగలవాడు చాలచోట్ల ఆ ఊరి బడిపంతులే.

'ఏడు తరాల' కథ

ఇంటిపేరు పోయినవారు వీరు. పేరే పోయినవారు మరి యొకచోట కలరు. అమెరికా నీగ్రో బానిసల సంతతి వాడైన అలెక్స్ హేలీ 1976లో 'రూట్స్' అను గ్రంథము ప్రకటించెను. సహవాసిగారి 'ఏడు తరాలు' ద్వారా అది తెలుగు పాఠకులకు సుపరిచితము. ఆఫ్రికాలోని గాంబియా దేశమున జుఫూరే గ్రామమందు పుట్టిన కుంటా కింటే పట్టుబడి, 1767లో అనాపొలిస్ రేవున దిగి, టోబీ అను పేర బానిసయైనట్లును, అతని సంతతిలో ఏడవ తరమువాడు తానైనట్లును హేలీ వ్రాసెను.

అమెరికాలో బానిసల వంశములు వెదకువారికి 1870 ఒక గోడ వంటిది. ఆ యేటి జనాభా లెక్కలోనే విముక్తులైన బానిసలందరి పేర్లు మొదటిసారి వ్రాయబడినవి. 1850, 1860 సంవత్సరములలో బానిసల పట్టీలు వేరుగా తయారైనవి. వాటిలో యజమాని పేరు ఉండును. బానిసకు వయస్సు, ఆడ మగ, ఒంటి రంగు మాత్రమే ఉండును. పేరు అరుదు. పట్టీ యజమాని ఆస్తిని గూర్చినది కదా! ఆ గోడను దూకుటకు హేలీ ఇంటిలోని ముసలమ్మల నోటిమాటను ఆధారము చేసికొనెను. గాంబియాలో వంశగాథలు చెప్పువాని నోట కుంటా కథ విని పొంగిపోయెను.

తరువాత విమర్శకులు వచ్చిరి. ఆ గాథ చెప్పినవానికి హేలీ ఏమి వినగోరుచున్నాడో ముందే తెలియునని 1977లోనే పత్రికా పరిశోధకులు వ్రాసిరి. 1767కు ముందే టోబీ అను బానిస వర్జీనియా దస్త్రములలో ఉన్నాడని 1981లో వంశచరిత్రకారులు చూపిరి. హేలీ సయితము తన గ్రంథమును సత్యమును కల్పనయు కలిసినదిగా చెప్పుకొనెను. అందుచే ఆ గ్రంథము విలువ తగ్గలేదు. కోట్ల జనుల కష్టము అందు ఉన్నది. కాని కథగా నిజమైనది వంశపత్రముగా నిజము కానక్కరలేదని విద్యార్థులు తెలిసికొనవలెను.

ఈ కథకు ఇటీవలి అధ్యాయము ఒకటి కలదు. హేలీ సోదరుని కుమారుడైన క్రిస్ హేలీ డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకొనగా, తండ్రి తాతల వరుస ఆఫ్రికాకు పోలేదు; స్కాట్లండు దేశమునకు పోయినది. అలబామాలోని ఒక తోటలో బానిసలపై అజమాయిషీ చేసిన తెల్లవాడు హేలీ ముత్తాతలలో ఒకడు. 'ఏడు తరాలు' హేలీ తల్లివైపు కథ. ఈ పరీక్ష చెప్పినది తండ్రివైపు కథ. రెండును అతనివే. బానిస స్త్రీకి కాదనుటకు అధికారము లేని కాలమున జరిగినదానిని యజమాని పట్టీ వ్రాయలేదు. అది మనుమని రక్తములో నిలిచియున్నది.

రక్తములోని వ్రాత

ఆ నిలిచియుండుట ఎట్టిదో చూతము. మన ప్రతి జీవకణమునందును 23 జతల క్రోమోసోములు కలవు. ప్రతి జతలో ఒకటి తండ్రి ఇచ్చినది, ఒకటి తల్లి ఇచ్చినది. వాటిలోని డి.ఎన్.ఏ.ను నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథమనుకొందము. అట్టి అక్షరములు ఒక్కొక్కరి నుండి సుమారు 300 కోట్లు వచ్చును. ఈ గ్రంథము ప్రతి తరమునను పేకముక్కల వలె కలుపబడి, సగము పంచబడును. అందుచే అన్నదమ్ములిద్దరికి సుమారు సగము పాలు సమానము. పెద్దనాన్న బిడ్డలకును పిన్ని బిడ్డలకును మనకును ఎనిమిదవ వంతు సమానము. తరము పెరిగినకొలది పాలు పలుచనగును. పదవ తరము నాటి 1,024 స్థానములలో చాలమంది నుండి మనకు ఒక్క తునకయైనను వచ్చియుండదు. వారు మన పూర్వులగుట నిజమే. వారి వ్రాత మనలో లేకుండుటయు నిజమే.

కలగాపులగము కాక నిలుచునవి రెండు కలవు. మగవానికి మాత్రమే ఉండు వై క్రోమోసోము తండ్రి నుండి కుమారునకు దాదాపు మార్పు లేక సంక్రమించును. ఇది మన వెదురే. గోత్రము పోవు దారిన ఇదియు పోవును. రెండవది మైటోకాండ్రియా అను కణభాగమునందలి చిన్న డి.ఎన్.ఏ. దానిలో అక్షరములు 16,569 మాత్రమే. అది తల్లి నుండి బిడ్డలందరికిని వచ్చును. కాని కుమార్తె ద్వారానే ముందుకు పోవును. నాలో ఉన్నది మా అమ్మది, ఆమెకు అమ్మమ్మ ఇచ్చినది, అమ్మమ్మకు ఆమె తల్లి ఇచ్చినది. ఆ దారికి హద్దు లేదు.

తెలుగు కుటుంబములలో ఈ లెక్కలు చేయువారు మరి యొక సంగతి గుర్తుంచుకొనవలెను. మేనత్త కుమార్తెను, మేనమామ కుమార్తెను పెండ్లాడిన ఇంట పుట్టిన బిడ్డకు ముత్తాతలు ముత్తవ్వలు ఎనమండుగురికి మారుగా ఆరుగురే. అక్క కూతురును చేసికొన్న ఇంట తండ్రి తండ్రియే తల్లి తల్లికి కూడ తండ్రి. తాతయే ముత్తాతయు నగును. మేనరికములు తరతరములుగా సాగినచోట దూరపు చుట్టము రక్తపరీక్షలో దగ్గరి చుట్టము వలె కనబడును. యూరపు ప్రజలను దృష్టిలో ఉంచుకొని తయారైన పట్టికలను మన ఇండ్లకు ఉన్నవి ఉన్నట్లు అన్వయింపరాదు.

తర్పణమున లేని పేరు

మన ఆచారము స్త్రీలను మరువలేదని చెప్పుటకు పితృతర్పణమును ఉదాహరింతురు. అది కొంతవరకు సత్యము. తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత. మాతామహి, ఆమె అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు. మొత్తము పండ్రెండు స్థానములు. సగము స్త్రీలకే. తల్లివైపునకును చోటున్నది. ఇంత శ్రద్ధ ఏ రాజు దస్త్రములోను లేదు.

అయినను మరల ఒకమారు లెక్కింపుడు. అమ్మమ్మ అత్తగారికి స్థానమున్నది. అమ్మమ్మ తల్లికి లేదు. స్త్రీ పేరు భర్త వెంట వచ్చినది కాని, కుమార్తె వెంట రాలేదు. పండా వహీలో ఆమె లేదు. ఇనాము రిజిస్టరులో లేదు. పెండ్లినాడు చదివిన మూడు తరములలో లేదు. పెండ్లితో ఆమె ఇంటిపేరు మారినది. ఆమె కూతురి ఇంటిపేరు మారినది. ఆ కూతురి కూతురి ఇంటిపేరును మారినది. మూడు పెండ్లిండ్లతో మూడు తలుపులు మూసికొన్నవి. కాని మైటోకాండ్రియా వచ్చిన దారి సరిగా ఇదియే. ఏ కాగితమును, ఏ మంత్రమును తలపని ఆ స్త్రీ వ్రాత నేడు మన ఒడలిలోని కణకణమునందును ఉన్నది.

తరగతిలో గోత్రము చెప్పుమన్న తడువుకొనక చెప్పు విద్యార్థులను, 'మీ అమ్మమ్మ తల్లి పేరేమి?' అని అడిగినచో చాలమంది మౌనము వహింతురు. ఋషి పేరు తెలిసిన పిల్లవానికి, తన తల్లిని ఎత్తుకొని పెంచిన ముత్తవ్వ పేరు తెలియదు. ఆమె కాలము నూరేండ్లకు మించినది కాదు.

హైదరాబాదున జరిగిన పరిశోధన

డి.ఎన్.ఏ. పరిశోధన పరదేశపు విద్య మాత్రమే కాదు. హైదరాబాదులో 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. సంస్థ శాస్త్రజ్ఞులైన లాల్జీ సింగు, కుమారస్వామి తంగరాజు ప్రభృతులు అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్‌తో కలిసి, 25 సమూహములకు చెందిన 132 మంది భారతీయుల నమూనాలు పరిశీలించి 2009లో 'నేచర్' పత్రికలో వ్యాసము ప్రకటించిరి. నేటి భారతీయులలో అత్యధికులు ఉత్తర, దక్షిణ పూర్వజన సమూహములు రెండును వేర్వేరు పాళ్ళలో కలిసిన సంతతియే అని వారు చూపిరి. 2013లో 73 సమూహములను పరిశీలించిన మరి యొక వ్యాసము ఆ కలయిక సుమారు 4,200 ఏండ్ల నుండి 1,900 ఏండ్ల వెనుకటి వరకు విస్తారముగా జరిగెనని, తరువాతనే ఎవరి గుంపులో వారే పెండ్లాడు పద్ధతి బిగిసెనని తెలిపినది. తెలుగునాట వైశ్యులలో ఈ పద్ధతి రెండు మూడు వేల ఏండ్లుగా దృఢముగా సాగినట్లు ఆ పరిశోధనలు చెప్పుచున్నవి.

ఇందు ప్రాణముతో ముడిపడిన విషయమొకటి కలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుటకై ఇచ్చు సక్సినైల్‌కోలీన్ అను మందును విరుగగొట్టు రసము కొందరు వైశ్యులలో పుట్టుకతోనే కొరవడి ఉండును. అట్టివారికి ఆ మందు ఇచ్చినచో ఊపిరి తీయు శక్తి గంటల తరబడి తిరిగి రాదు. వైద్యునకు ముందుగా తెలిసినచో వేరు మందు వాడును, ప్రమాదము తప్పును. కావున 'మా మేనమామకు ఆపరేషను బల్ల మీద ఇట్లు జరిగినది' అను ఇంటిమాట వట్టి ముచ్చట కాదు. వంశచరిత్ర ఒక్కొక్కప్పుడు ఆయుష్షును గూర్చిన సమాచారము. ఇట్టి లోపములు ఒక కులమునకే పరిమితములు కావు. చిరకాలము తమలో తామే పెండ్లాడిన ప్రతి సమూహమునందును ఏదో ఒకటి ఉండవచ్చును.

కొన్ని జాగ్రత్తలు

పరీక్షా సంస్థలు నూటికి ఇంత పాలు ఈ దేశము, ఇంత పాలు ఆ దేశము అని వ్రాసి పంపును. తమ వద్దనున్న నమూనాలతో పోల్చి చేసిన అంచనా అది. ఆ నమూనాలలో యూరపు సంతతివారు మెండు, భారతీయులు కొద్ది. నాటాలులోని తెలుగు యువకుడు పరీక్ష చేయించుకొనినచో 'దక్షిణ భారతము' అని జవాబు రావచ్చును. బొబ్బిలి అని రాదు. ఊరి పేరు చెప్పగలది ఓడ పట్టీయే. చుట్టరికము చెప్పగలది, అదే పరీక్ష చేయించుకొన్న మరి యొక చుట్టము మాత్రమే.

రెండవ జాగ్రత్త. ఈ శాస్త్రమును కులగర్వమునకు సాక్షిగా పిలువరాదు. మనమందరము కలిసి పుట్టినవారమని చెప్పిన శాస్త్రము ఒకరి ఆధిక్యమునకు సాక్ష్యము పలుకదు. ఒక కణుపును పట్టుకొని వెదురంతయు బంగారమనుట తర్కము కాదు.

మూడవది, ఇంటి రహస్యములు. దత్తత, మొదటి వివాహము, దాచిన పుట్టుక మొదలగునవి పరీక్షలో బయటపడవచ్చును. పరీక్ష చేయించుకొన్నవాడు ఒక్కడే అయినను, అతని తోబుట్టువుల, బిడ్డల వ్రాతలో సగము అతనితో పాటే బయటపడును. కనుక పిన్నలు పెద్దలను సంప్రదింపక ఈ పని చేయరాదు. పెద్దలును పిల్లల తరఫున తొందరపడరాదు. ఇచ్చిన నమూనా వివరములు ఎవరి చేత ఉండునో చూచుకొనవలెను. 2023లో 'ట్వంటీత్రీ అండ్ మీ' అను అమెరికా సంస్థ ఖాతాదారులలో సుమారు 69 లక్షల మంది వివరములు దొంగల పాలైనవి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరుచు న్యాయస్థానమునకు పోయెను. అచ్చుకంపెనీ మూతపడినచో పుస్తకము వేరొకచోట అచ్చువేయించుకొనవచ్చును. మన పుట్టుకవ్రాత ఒకమారు పరుల చేత పడినచో దానిని మార్చి వ్రాసికొనలేము.

మనము చేయదగినది

రక్తమునకు జ్ఞాపకశక్తి మెండు. కాని దానికి పేర్లు తెలియవు. ముత్తవ్వ ఇచ్చిన 16,569 అక్షరములు చదివినను అందు ఆమెను ఊరివారు ఏమని పిలిచిరో ఉండదు. ఆమె ఏ ఊరి ఆడపడుచో, ఎందరు బిడ్డలను కని ఎందరిని దక్కించుకొనెనో ఉండదు. ఆ పని కలముదే. ఇన్నాళ్ళు కలము పట్టినవారు తమ అవసరమునకు తాము వ్రాసికొనిరి. నేడు కలము ప్రతి పాఠశాలలో ప్రతి బాలుని చేత, ప్రతి బాలిక చేత ఉన్నది.

ఉపాధ్యాయులు ఈ పనిని చరిత్ర పాఠమునకు అనుబంధముగా చేయింపవచ్చును. పద్ధతి సులభము. విద్యార్థి తన పేరుతో మొదలిడి, తెలిసినదాని నుండి తెలియనిదానికి ఒక్కొక్క తరమే వెనుకకు పోవలెను. ఎవరో ప్రసిద్ధ పురుషుని పేరు ముందు వ్రాసికొని అతని నుండి తనకు దారి వేసికొనరాదు. ప్రతి పేరునకు ఎదురుగా ఆ సంగతి ఎవరు చెప్పిరో, ఎప్పుడు చెప్పిరో, లేక ఏ కాగితమున చూచిరో వ్రాయవలెను. విన్నది వేరు, కన్నది వేరు అని చూపుటకు రెండు గడులు గీయవలెను. స్త్రీ పేరు వ్రాయునప్పుడు అత్తింటి పేరుతో పాటు పుట్టింటి పేరును, పుట్టిన ఊరిని తప్పక వ్రాయవలెను. మూసికొన్న తలుపులను తెరచు చెవి అదియే. పాత శుభలేఖలు, భూమి దస్తావేజులు, బడిలో పేరు చేర్చిన రిజిస్టరులు, జాతకములు, పంచాంగముల అంచులలో పెద్దలు వ్రాసికొనిన జననకాలములు, ఇవి అన్నియు సాక్ష్యములే. 1984లో కరణీకములు రద్దయిన పిదప గ్రామపు పాత లెక్కలలో కొన్ని చేతులు మారినవి. మిగిలినవి చెదలు పట్టకముందే చూడవలెను.

కాగితము లేని ఇండ్ల పిల్లలు మన తరగతులలో ఎందరో కలరు. వారికి ఈ పని చిన్నతనము కలిగింపరాదు. భూమి లేని తాతకు రిజిస్టరు లేకపోవచ్చును. నోరున్న అవ్వ ఉన్నది. ఏ చెరువు తవ్వకమునకు పోయిరో, ఏ కరవున ఊరు విడిచిరో, ఎవరు రంగూనునకు పోయి తిరిగి రాలేదో ఆమె చెప్పును. కులము, గోత్రము వ్రాయుమని ఉపాధ్యాయుడు అడుగనక్కరలేదు. పేరు, ఊరు, చేసిన పని వ్రాయించిన చాలును. తల్లిదండ్రులు ఎరుకపడని బిడ్డ తనను పెంచినవారి పేర్లు వ్రాయవచ్చును. పెంపకము కూడ వంశమే.

దస్త్రములు నూరేండ్లుగా ఉన్నవి, ఇంకను ఉండవచ్చును. డి.ఎన్.ఏ. వేయేండ్లైనను చదువుటకు వేచియుండును. వేచియుండలేనిది ఒక్కటే, వసారాలో కూర్చున్న ముసలమ్మ జ్ఞాపకము. ఈ వేసవి సెలవులకు ఊరు పోవు విద్యార్థులు ఒక నోటుపుస్తకమును వెంట తీసికొనిపోయి, ఆమె ప్రక్కన కూర్చుండి, 'అమ్మమ్మా, మీ అమ్మ పేరేమి? ఆమె ఏ ఊరి పిల్ల?' అని అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, క్రింద ఆనాటి తేదీ వేయవలెను.